ఫట్‌ఫటి దీపం

అమ్మ సంవత్సరీకం అయిన మరునాడు, ఖేడ్ ఇంట్లో వంటింటి సామాను సర్దుతూ మామిడికాయ తొక్కు జాడీని అటక మీది నుంచి దించాను. జాడీ ఖాళీగానే ఉంది గానీ మూతికి కట్టిన బట్ట అలాగే ఉంది, బట్ట మీద మూతా అలాగే ఉంది. దుమ్ము తుడిచి చూస్తే అది మూత కాదు. గుండ్రటి మందపాటి అద్దం, లోపలి వైపు నిలువు గీతలు, పై సగానికి నల్లరంగు. నలుపు ఆగిపోయి అద్దం మొదలయ్యే చోట గీత ఎంత తిన్నగా ఉందంటే, ఇన్నేళ్ల నూనె, కారం, పొగ తగిలినా ఎక్కడా చెదరలేదు. దాన్ని పట్టుకుని పీట మీద కూర్చున్నాను. అది మా బాపు ఫట్‌ఫటికి, ఆయన పాత మోటరు సైకిలుకు, ముందు దీపం అద్దం. దాని వెనక వెలిగిన బల్బుకు తీగలు లాగింది నేను. ఆ నల్లరంగు వేసింది అమ్మ.

ఈ కాలపు పిల్లలకు చూపిస్తే సగం అద్దానికి మసి ఎందుకు పూశారని అడుగుతారు. అప్పట్లో బండి ఏదైనా ముందు దీపం అద్దానికి పై సగం నల్లరంగు ఉండాల్సిందే. వెలుతురు రోడ్డు మీద పడాలి గానీ ఎదురొచ్చేవాడి కళ్లలో పడకూడదు, అదీ సంగతి. ఇప్పుడు సంగారెడ్డి రోడ్డు మీద పొద్దుగూకాక కారు తీస్తే ఎదురొచ్చే ప్రతివాడూ నా మొహాన తెల్లటి మెరుపు కొట్టి పోతాడు. వెలుతురును కిందికి దించే డిప్పు అనేది ఒకటుందని, దాన్ని నొక్కడానికి బొటనవేలు చాలని వాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు. నేను అద్దం దించి నాలుగు మాటలు అంటాను, వాళ్లకు వినపడవు, నా పక్కన కూర్చున్న మా ఆయనకు మాత్రం వినపడతాయి. ఒక దీపాన్ని కానూన్ ప్రకారం వెలిగించడానికి మా ఇంటిల్లిపాదీ పడ్డ తిప్పలు తెలిస్తే ఆయన కూడా నాతో కలిసి తిట్టేవాడు.

మా బాపు బట్టల సావుకారి. సావుకారి అంటే పెద్ద దుకాణం, గల్లాపెట్టె, గుమాస్తాలు అనుకోకండి. చీరెలు, ధోతులు, తువ్వాళ్లు, లంగా బట్టలు మూటలు కట్టి వారం వారం జరిగే అంగళ్లకు తిరిగి అమ్మేవాడు. ఒకరోజు సిర్గాపూర్ అంగడి, ఒకరోజు నాగల్‌గిద్ద అంగడి, మధ్యలో చిన్నచిన్న ఊళ్లు. తెల్లవారుజామున మా ఇల్లంతా కొత్త బట్టల గంజి వాసన, దాని మీద పెట్రోలు వాసన, వాటి మీద అమ్మ కాల్చే జొన్నరొట్టెల వాసన. బాపు ముందుగా ఫట్‌ఫటికి పసుపు గుడ్డతో మొహం తుడిచేవాడు, తన మొహం ఆ తర్వాత కడుక్కునేవాడు. మూటలు ఎత్తేటప్పుడు బరువు కుడికీ ఎడమకీ సమంగా ఉందా అని రెండు అరచేతులతో ఊపి చూసేవాడు. మూటల మధ్యలో అమ్మకు చోటు ఉంచేవాడు. ఆమె అందులో ఒదిగి కూర్చుంటే వెనకనుంచి చూసేవాళ్లకు బట్టల మూటలు మూడు కనపడేవి, వాటిలో ఒకటి మాట్లాడుతుండేది.

అమ్మ మాటల గురించి చెప్పాలి. ఇంట్లో ఆమె మామూలు మనిషే, పని పడితే మాట్లాడుతుంది, లేకపోతే లేదు. ఫట్‌ఫటి ఎక్కితే మాత్రం నోటికి తాళం ఉండేది కాదు. "ఇగో మోరీ వస్తుంది, నిమ్మలం. ఎడమ దిక్కు గుంత. బర్రెలొస్తున్నయ్, ఆగు. గా చింతచెట్టు దాటినంక కంకర పోసిన్రు, పైలం." వాళ్లు అంగడి నుంచి పొద్దుగూకి వస్తుంటే బండి చప్పుడు కంటే ముందు అమ్మ గొంతు మా వాడకు చేరేది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు నవ్వేవారు. "మీ బాపు బండికి ఆరన్ ఎందుకే సరోజా, మీ అమ్మ ఉండంగ" అనేవారు. నేనూ నవ్వేదాన్ని. మగవాడు బండి నడుపుతుంటే వెనక కూర్చుని ఇంత సతాయించే మనిషిని ఎక్కడా చూడలేదని, బాపు కాబట్టి ఓపిక పడుతున్నాడని నాకు గట్టి నమ్మకం. బాపు మాత్రం ఎప్పుడూ విసుక్కోలేదు. ఆమె ఆగమన్నచోట ఆగేవాడు, పొమ్మన్నాక పోయేవాడు.

ఆ ఫట్‌ఫటి ఎవరో పటేలు వాడి వదిలేస్తే బాపు కొన్నది. ఇంజను రాయిలాంటిది గానీ దీపం మాత్రం కందిలి కంటే అధ్వానం. వెలిగిస్తే అద్దం లోపల ఏదో ఎర్రగా కనపడేది, అంతే. ఒకసారి వానాకాలం మొదట్లో అమ్మకు జ్వరం వచ్చి ఇంట్లో పడుకుంది. బాపు ఒక్కడే సిర్గాపూర్ అంగడికి పోయాడు. దీపాలు పెట్టే వేళ దాటింది, బండి చప్పుడు లేదు. అమ్మ జ్వరంతోనే లేచి గడపలో కూర్చుంది. చివరికి ఎవరిదో ఎడ్లబండి మా ఇంటి ముందు ఆగింది, అందులో బాపు, బురదలో తడిసిన మూటలు, బండి వెనక తాడుతో కట్టిన ఫట్‌ఫటి. రోడ్డు పక్కన పోసిన కంకర కుప్ప మీదికి ఎక్కించాడట. మోకాలు చీరుకుపోయింది, మోచేయి వాచింది. "గీ దీపంల కుప్ప ఆనలేదు, కానరాలేదు" అన్నాడు బాపు. అమ్మ పసుపు నూరి పెట్టింది. గాయం కట్టాక తేల్చి చెప్పింది.

"బోరంచ పోచమ్మకాడికి మొక్కు చెల్లించుటానికి పోతున్న గదా, గా లోపల గీ దీపం మంచిగ కావాలె. కాకుంటే ఫట్‌ఫటి అమ్మేద్దాం. మా అన్న దుకాణంల కూసొని గజాలు కొలువు."

ఆ మాట విని బాపు మొహం వాడిపోయింది. మా మేనమామ దుకాణంలో గజం బద్ద పట్టుకుని కూర్చోవడం అంటే బాపుకు జైలుకు పోయినట్టే. అంగళ్లలో ఆయన వేరే మనిషి. నాగల్‌గిద్ద వైపు ఆడవాళ్లు "సావ్కార్, ఇదు ఎష్టు?" అని ధర అడిగితే కన్నడంలోనే జవాబు చెప్పేవాడు, ఏ ఇంట్లో ఎవరికి ఏ రంగు నచ్చుతుందో గుర్తుపెట్టుకునేవాడు, చీర మడత విప్పి గాలిలో వేసి పట్టేవాడు. ఆ తిరుగుడు లేకపోతే బాపు బాపుగా మిగలడని నాకు తెలుసు. అప్పుడు నేను జూనియర్ కాలేజీలో ఇంటర్ చదువుతున్నాను. విద్యుత్తు పాఠాలు నాకు పిచ్చి. ఆ దీపాన్ని నేనే బాగు చేస్తానని అన్నాను. బాపు నా తల నిమిరి, పాషా భాయ్‌ని పిలిపించాడు.

పాషా భాయ్ మా బజారు చివర షెడ్డులో బండ్లు బాగుచేసేవాడు. మంచి మనిషి, కానీ ఏ పని చేసినా పదిమంది చూసి ఔరా అనాలి. ఆయన పాత ఫట్‌ఫటి దీపాన్ని తాకనైనా తాకలేదు. ఎక్కడో మూలపడ్డ జీపుకు ఉన్న పెద్ద దీపం ఊడదీసుకొచ్చి, ముందు గార్డుకు ఇనుప పట్టీ వేసి బిగించాడు. "బాపుకు చెప్పు బేటీ, బేఫికర్. గీ దీపం ముందల చందమామ గూడ సల్లగయితడు" అన్నాడు. సాయంత్రం వెలిగించి చూపిస్తే మా వాడ వాడంతా పగలైంది. ఎదురింటి గోడ మీద బల్లి పరుగెత్తడం కూడా కనపడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. అమ్మ కొంగుతో కళ్లు కప్పుకుని, "గిది రోడ్డు మీదికి కొడ్తుందా, మొగులు మీదికి కొడ్తుందా?" అంది. పాషా భాయ్ నవ్వి చాయ్ తాగి పోయాడు.

అమ్మ అన్నదే జరిగింది. ఆ దీపానికి డిప్పు లేదు, చూపు పైకి ఉంది. మరుసటి అంగడి నుంచి వస్తుంటే ఎదురుగా కందుల బస్తాలతో వస్తున్న ఎడ్లబండి మీద ఆ వెలుతురు పడింది. ఎడ్లు బెదిరి చేనులోకి దూకాయి. బండి తిరగబడలేదు గానీ బస్తాలు జారాయి, బండివాడు బాపు చొక్కా పట్టుకున్నాడు. అమ్మ, బాపు కలిసి బస్తాలు ఎత్తించి, చేతులు జోడించి, ఎలాగో బయటపడి ఊరి పొలిమేర చేరేసరికి పోలీసు జవాను బండి ఆపాడు. అంతలో బ్యాటరీ కూడా సచ్చిపోయి జీపు దీపం మిణుకుమిణుకుమంటోంది.

"గీ దీపం ఫట్‌ఫటిదా, రైలుదా?" అన్నాడట జవాను. "రేపు తీసెయ్. డిప్పు ఉండాలె, వెలుతురు కిందికి కొట్టాలె, అద్దానికి పై సగం నల్లరంగు ఉండాలె. వచ్చేవారం బండ్లు తనిఖీ చేసే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ సాబు సర్కారు బంగ్లకాడికొస్తుండు. గాయినకు చూపెట్టి ఒప్పిచ్చుకో. లేకుంటే నీ బండి ఠాణాల ఉంటది, సావుకారీ."

ఇంటికి వచ్చి బాపు మంచం మీద కూర్చుని చెప్పులు కూడా విప్పలేదు. నేను మళ్లీ అదే మాట అన్నాను. ఈసారి అమ్మ నా వైపు చూసి, "చెయ్యనియ్ పిల్లను. దానికి చదువు చెప్పిచ్చేది గోడకు కొట్టుకుంటానికా?" అంది. ఆ ఒక్క మాటకు నేను ఇప్పటికీ ఆమెకు రుణపడి ఉన్నాను.

మా ఫిజిక్స్ సారును బతిమాలి వోల్టుమీటరు తెచ్చుకున్నాను. జీపు దీపం ఊడదీసి, బ్యాటరీకి ఛార్జి పెట్టించి, వసారాలో ఫట్‌ఫటిని నిలబెట్టి, దాని ముందు గోనెపట్టా పరుచుకుని కూర్చున్నాను. అటుగా పోయే ప్రతివాళ్లూ ఆగి చూసేవారు. ఆడపిల్ల మోటరు సైకిలు పేగులు బయటికి తీసి కూర్చుంటే చూడరా మరి. బ్యాటరీ దగ్గర ముల్లు ఆరు చూపించింది. అదే ముల్లు బల్బు దగ్గర నాలుగు చేరడానికి కూడా ఆయాసపడింది. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. బల్బుది తప్పు కాదు, బ్యాటరీది తప్పు కాదు, మధ్యలో కరెంటు దారిలోనే ఖర్చయిపోతోంది. తీగల మీది తొడుగు పెచ్చులూడిపోయి ఉంది. పటేలు కాలంలో ఎవరెవరో మెలిపెట్టి దవాఖాన పట్టీ చుట్టిన అతుకులున్నాయి. స్విచ్చు లోపల పచ్చగా చిలుం. ఎర్తు తీగ బిగించిన చోట తుప్పు, దాని మీద రంగు. దీపం వెనక వెలుతురును ముందుకు తోసే పళ్లెం వెండి పూత పోయి పాత ఇత్తడి చెంబు రంగుకు దిగింది. ఇన్ని అడ్డంకులు దాటుకుని ఆ పాపిష్టి బల్బు అంతమాత్రం వెలగడమే గొప్ప.

పెద్ద బల్బు వేయాలని నాకూ చేతులు దురద పెట్టాయి. కానీ డైనమో ఇచ్చేది కొంచెం, ఎక్కువ అడిగితే బ్యాటరీ చస్తుందని జీపు దీపం చెప్పింది కదా. అందుకని ఆ బండికి రాసిపెట్టిన బల్బే కొత్తది తెప్పించాను, డిప్పు ఉన్నది. పాషా భాయ్ కొంచెం చిన్నబుచ్చుకున్నాడు గానీ, తన షెడ్డు వెనక పడివున్న పాత కారు హారన్ రిలే తనే వెతికి తెచ్చిచ్చాడు. రిలే అంటే చిన్న డబ్బా. చేతి దగ్గరి స్విచ్చు దానికి సైగ చేస్తే చాలు, బ్యాటరీ నుంచి లావు తీగలో కరెంటు నేరుగా బల్బుకు పోతుంది, నీరసపు స్విచ్చు మీద భారం పడదు. బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టాను. ఎర్తు కోసం చట్రం మీద రంగు గీకి, ఇనుము మెరిసేదాకా ఉప్పు కాగితంతో రుద్ది బిగించాను. హ్యాండిలు తిప్పినప్పుడు తీగలు లాగకుండా కొంచెం వదులుంచి, సైకిల్ ట్యూబు ముక్కలు తొడిగాను. పళ్లెం మాత్రం పాషా భాయ్ హైదరాబాద్ పోయినప్పుడు కొత్తది తెచ్చాడు.

నల్లరంగు వేసే పని బాపుకు ఇస్తే గీత వంకర పోయింది. తుడిచి మళ్లీ వేశాడు, మళ్లీ వంకర. అమ్మ రొట్టె పిండి చేతులు కడుక్కుని వచ్చి, ఆయన చేతిలోంచి కుంచె లాక్కుంది. రోజూ వాకిట్లో ముగ్గు లాగే చేయి అది. అద్దాన్ని ఒళ్లో పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్క లాగుడులో గీత గీసింది. తర్వాత పైన నిదానంగా నింపింది. రంగు ఆరేదాకా అద్దాన్ని తులసికోట మీద పెట్టి, కోడిపిల్లలు తొక్కకుండా తనే కాపలా కూర్చుంది.

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ మాట తక్కువ మనిషి. బంగళా గోడకు ఎదురుగా బండి నిలబెట్టించి, దీపం వేయించి, డిప్పు నొక్కించి, వెలుతురు గోడ మీద ఎంత ఎత్తులో ఆగిందో చూశాడు. అద్దం మీది గీతను వేలితో తడిమి, "ఎవరు వేసిన్రు?" అని అడిగాడు. బాపు అమ్మ వైపు చూపించాడు. తీగలు ఎవరు వేశారంటే నా వైపు చూపించాడు. ఇన్‌స్పెక్టర్ మా ముగ్గురినీ మార్చి మార్చి చూసి, బాపు లైసెన్సు కూడా అడిగాడు. దూరంగా చెట్టు కింద ఆగివున్న లారీ నంబరు చదవమన్నాడు. మిట్టమధ్యాహ్నం ఎండ. బాపు నంబరు చదివి, దాని కింద చిన్న అక్షరాల్లో రాసిన ఊరి పేరు కూడా చదివాడు. ఇన్‌స్పెక్టర్ తల ఊపాడు. నాకు ఎంసెట్టులో సీటు వచ్చినా అంత గర్వపడేదాన్ని కాదు, రాలేదు కూడా, అది వేరే సంగతి.

ఆ తర్వాత వచ్చిన నాగల్‌గిద్ద అంగడి రోజే అమ్మ మొక్కు చెల్లించడానికి మా పిన్నితో కలిసి బోరంచకు పోయింది. పోతూ పోతూ బాపుతో, "జల్దీ రా, పొద్దుండంగనే మూటలు కట్టు" అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. నన్ను బాపు వెంట పొమ్మంది. నాకు కాలేజీ లేదు, నా దీపం ఎలా వెలుగుతుందో చూడాలనీ ఉంది. ఎగిరి మూటల మధ్య కూర్చున్నాను. ఆ రోజు బేరాలు బాగా సాగాయి. ఎవరి ఇంట్లోనో పెండ్లి, చీరెలు ఒక పట్టాన తెమల్లేదు. మూటలు కట్టి బయల్దేరేసరికి జొన్నచేల అవతల పొద్దు దిగిపోతోంది. ఊరు దాటాక మసక పడింది. బాపు దీపం వేశాడు.

రోడ్డు మీద ఎండుగడ్డి పరక కూడా కనపడింది. గుంతలు, వాటి అంచులు, పక్కన కంది చెట్ల కొమ్మలు, అన్నీ విడివిడిగా కనపడ్డాయి. ఎదురుగా గంటల చప్పుడుతో ఎడ్లబండి వస్తే బాపు డిప్పు నొక్కాడు, ఎడ్లు కదలకుండా మా పక్కనుంచి పోయాయి. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ఆనందంలో నోరు మూసుకుని కూర్చున్నాను. అమ్మలాగా నేను సతాయించను, చూశావా బాపూ, అని మనసులో అనుకున్నాను కూడా.

కొంచెం దూరం పోయాక బాపు, "ఏమన్న మాట్లాడు బిడ్డా" అన్నాడు.

"ఏం మాట్లాడాలె? అంత కానస్తుంది గదా" అన్నాను.

బండి నిదానించింది. ఇంకా నిదానించింది. నడిచిపోయే మనిషి మమ్మల్ని దాటిపోగలడు, అంత నిదానం. ఇంజను మొరాయిస్తోందేమో అనుకున్నాను. ఇంతలో వాగు మీది చిన్న వంతెన, మోరీ, వచ్చింది. దాని పిట్టగోడలు తెల్లటి సున్నంతో నా దీపం వెలుతురులో మెరుస్తున్నాయి. రోడ్డు అక్కడ కుడికి తిరుగుతుంది. బాపు తిరగలేదు. తిన్నగా పిట్టగోడ పక్కన ఖాళీలోకి, కింద వాగు నీళ్ల వైపు పోతున్నాడు.

"బాపూ! కుడికి! మోరీ!" అని అరిచాను.

బ్రేకు తొక్కాడు. ముందు చక్రం గడ్డి మీద ఆగింది. మూటల బరువుకు బండి ఒరిగితే ఇద్దరం కాళ్లు ఆన్చి ఆపాం. ఎలాగో వెనక్కి లాగి నిలబెట్టాం. బాపు ఇంజను ఆపి, చేతులు చాపుకుంటూ వెళ్లి, పిట్టగోడను తడిమి దాని మీద కూర్చున్నాడు. సున్నం వేసిన గోడను అంత దగ్గరనుంచి తడమడం చూశాకే నాకు అర్థం కావడం మొదలైంది.

"నీ దీపం మంచిగనే ఉన్నది బిడ్డా. నా కండ్లే లెవ్వు" అన్నాడు. "పొద్దుంటే అంత కానస్తది. పొద్దుగూకినంక గోనెసంచి కప్పినట్టయితది. దీపం వెలుగుతుందని తెలుస్తది, గాని అది ఏడ పడ్తుందో తెల్వదు. శాన్నాళ్లయింది."

"మరి రోజు ఎట్ల వస్తున్నవ్?"

"మీ అమ్మ చెప్తది గదా."

బండి తోసుకుంటూ పోదామన్నాను. మూటలతో అంత దూరం కాదన్నాడు. చివరికి బండి మొదటి గేరులో పెట్టి, నేను ఆయన భుజం మీదుగా ముందుకు వంగి దారి చెప్పడం మొదలుపెట్టాను. నాకు చేతకాలేదు. గుంత మీదికి వచ్చాక గుంత అనేదాన్ని. ఎడమ అనబోయి కుడి అనేదాన్ని. బాపు ఓపికగా, "ముందుగాల చెప్పాలె బిడ్డా. మీ అమ్మైతే బర్రె తోక ఊపకముందే చెప్తది" అన్నాడు. తర్వాతి ఊరు రాగానే ఆపించాను. అక్కడ మా దగ్గర బట్టలు కొనే వాళ్ల ఇంటి వసారాలో రొట్టె తిని పడుకున్నాం. పొద్దెక్కాక బాపు బండి తీసి ఏ గుంతలోనూ పడకుండా ఖేడ్ చేర్చాడు.

అమ్మ బోరంచ నుంచి అప్పటికే వచ్చి గడపలో నిలబడి ఉంది. మమ్మల్ని చూసి తిట్లు లంకించుకుంది. నేను మూటలైనా దించకుండా ఎదురు తిరిగాను.

"నీకు ముందుగాల్నే తెలుసు. బాపుకు చీకట్ల కండ్లు కానొస్తయని మేమందరం అనుకుంటున్నం. నువ్వేమో దీపం దీపం అని నాతోని తీగలు గుంజిపిచ్చినవ్. కానరాని మనిషికి దీపం ఎందుకమ్మా?"

అమ్మ నా వైపు చూసింది. అంత తెలివితక్కువ ప్రశ్న ఎవరైనా అడుగుతారా అన్నట్టు చూసింది.

"దీపం మీ బాపుకు ఎవరు అడిగిన్రే? నాకు కానరావాలె గదా! దారి చెప్పేది నేను. గా ముసలి దీపంల నాకే గుంతలు ఆనకపోతుండె."

బాపు నవ్వాడు. ముందు మెల్లగా, తర్వాత మోకాలు పట్టుకుని నవ్వాడు. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది, నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. నేను మాత్రం ఏడ్చాను. ఇన్నేళ్లు వాడంతా నవ్విన ఆ నోరు లేకపోతే మాకు బాపు ఉండేవాడు కాదు. మొగుడికి చీకట్లో కళ్లు కనపడవని నలుగురిలో అనిపించడం ఇష్టంలేక ఆమె గయ్యాళి అనిపించుకుంది. ఆ మాట పడటం కంటే గయ్యాళి అన్న పేరు మోయడమే తేలిక అనుకున్నట్టుంది.

సంగారెడ్డిలో కళ్ల డాక్టరు చూసి, ఇది మందులకు తగ్గేది కాదని చెప్పాడు. నా దీపం కానూన్‌కు సరిపోయింది, బాపు కళ్లే సరిపోలేదు. ఆ మాట ఇంట్లో అనేదాకా నాకు నిద్రపట్టలేదు. అన్నాను. అమ్మ ఆలోచించి కొత్త నియమం పెట్టింది. పొద్దు చెట్ల మీద ఉండగానే మూటలు కట్టాలి, పెండ్లి చీరెలైనా సరే. ఆలస్యమైతే ఎక్కడివాళ్లు అక్కడే ఆగాలి, మరునాడు రావాలి. బాపు కొన్ని బేరాలు పోగొట్టుకున్నాడు గానీ అంగళ్లు పోగొట్టుకోలేదు. మబ్బు పట్టిన సాయంత్రాల్లో పొద్దుండగానే దీపం వేసుకుని వాళ్లు వస్తుంటే, వాడ మలుపులో సగం నల్లటి అద్దం కింద ఆ వెలుతురు నేలను ఊడ్చుకుంటూ వచ్చేది, దాని వెనక అమ్మ గొంతు. ఆ తర్వాత ఎవరైనా ఆరన్ అని నవ్వితే నేను వాళ్లతో పోట్లాడేదాన్ని. కారణం చెప్పలేను, పోట్లాట మాత్రం మానలేను. బాపు పగటి చూపు కూడా సన్నగిల్లాక ఫట్‌ఫటిని అమ్మేశాం. కొన్నవాడు తోలుకుపోయే ముందు అమ్మ పాషా భాయ్‌ని పిలిచి అద్దం ఊడదీయించింది. "బండి ఇస్తం గాని అద్దం ఇయ్యం, నువ్వు వేరేది ఏసుకో" అంది. అది తొక్కు జాడీ ఎప్పుడు ఎక్కిందో నేను గమనించలేదు.

బాపు పోయాక చాలా కాలం అమ్మ ఆ దారి తొక్కలేదు. నేను అప్పటికి టీచరునయ్యాను, చిన్న మోపెడ్ కొనుక్కున్నాను. ఒకరోజు నాగల్‌గిద్దలో తెలిసినవాళ్ల ఇంట్లో పెండ్లికి అమ్మ తనూ వస్తానంది. బాపు అమ్మిన చీరెలతోనే ఆ ఇంట్లో అంతకు ముందు పెండ్లిళ్లు జరిగాయట. తిరిగి వచ్చేటప్పుడు మసక పడింది, మోపెడ్ దీపం వేశాను. రోడ్డు అప్పటికి కొత్తగా డాంబరు వేసి నున్నగా ఉంది. వాగు మీద మోరీ తీసేసి వెడల్పాటి వంతెన కట్టారు. చింతచెట్టు రోడ్డు వెడల్పులో పోయింది. వెనకనుంచి అమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. ఫట్‌ఫటి మీది పాత గొంతే అది.

"ఇగో, ఎడమ దిక్కు గుంత. పైలం."

గుంత లేదు. అద్దంలాంటి రోడ్డు. నేను ఎడమ వైపు గుంత తప్పించినట్టు బండిని కొంచెం కుడికి జరిపాను. చింతచెట్టు రాగానే కంకర ఉందంది, చెట్టూ లేదు, కంకరా లేదు, వేగం తగ్గించాను. మోరీ వస్తుంది నిమ్మలం అంది. వంతెన మీద, ఎదురుగా ఎవరూ రాకపోయినా, డిప్పు నొక్కి నిమ్మలంగా పోనిచ్చాను. నా కళ్లకు ఏ జబ్బూ లేదు. ఇంటికి చేరేదాకా ఆమె ఆగమన్నచోట ఆగాను, పొమ్మన్నాక పోయాను.